తగిలిందా బాబాయ్?

ఈ కాలమ్‌లో ఇప్పటిదాకా ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్ వాచీలు, చివరికి చపాతీలు చేసే మెషీన్ గురించి కూడా రాశా. ఈ వారం గాడ్జెట్‌కి బ్యాటరీ లేదు. ఛార్జర్ లేదు. బ్లూటూత్ లేదు. అప్‌డేట్ చెయ్యమని అర్ధరాత్రి అడగదు. ఒక ప్లాస్టిక్ పుల్ల, దాని చివర అడ్డంగా ఒకే ఒక్క నైలాన్ పోగు. టూత్‌బ్రష్ కుచ్చంతా ఊడిపోయి ఒక్క పోగు మిగిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పోగు పొడవు నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు.

కానీ అది ఒక మనిషి వేలికి స్పర్శ ఎంత మిగిలిందో గ్రాముల్లో చెప్తుంది. సరైన నెలలో చెప్తే ఆ మనిషి చెయ్యి నిలబడుతుంది. ఆలస్యమైతే ఆ చెయ్యి మళ్ళీ మామూలు కాదు.

మా పెద్దమ్మ కూతురు ఫిజియోథెరపిస్ట్. లెప్రసీకి వైద్యం చేసే ఓ ఆసుపత్రిలో పనిచేస్తుంది. పండక్కి ఊరెళ్ళినప్పుడు, "ఎప్పుడూ నలభై వేల ఫోన్లేనా, మా పుల్లల గురించి రాయొచ్చు కదరా" అంది. నేను నవ్వేశా. మర్నాడు తన ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ నాకు నవ్వు రాలేదు.

వేళ్ళు ఊడిపోవు

లెప్రసీని మన ఊళ్ళలో కుష్టు అంటారు. ఆ మాట పలకడానికే భయపడి పెద్దరోగం అంటారు. పోట్లాటలో తిట్టుగా కూడా వాడతారు. దాని గురించి మనలో చాలామందికి తెలిసిన ఒకే ఒక్క విషయం, వేళ్ళు ఊడిపోతాయని. అదే తప్పు.

లెప్రసీ బ్యాక్టీరియా వేళ్ళని తినదు. అది దెబ్బతీసేది నరాన్ని. 1873లో నార్వేలో హాన్సెన్ అనే డాక్టర్ ఈ బ్యాక్టీరియాని గుర్తించాడు. అందుకే దీన్ని హాన్సెన్ వ్యాధి అని కూడా అంటారు. ఇది చాలా బద్ధకపు క్రిమి. మామూలు బ్యాక్టీరియా అరగంటలోపే రెండవుతుంటే, దీనికి రెండు వారాల దాకా పడుతుంది. ఒంట్లోకి చేరాక లక్షణాలు కనబడ్డానికి సగటున అయిదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు. పైగా దీనికి చల్లదనం ఇష్టం. ఒంటి లోపలి వేడి దీనికి పడదు. అందుకే చర్మంలోనూ, చర్మానికి దగ్గరగా పైపైన వెళ్ళే నరాల్లోనూ కాపురం పెడుతుంది.

అలాంటి నరం ఒకటి మీకు ఇప్పుడే చూపిస్తా. మోచెయ్యి లోపలివైపు, ఎముక బొడిపె వెనకాల ఒక గాడి ఉంటుంది. అక్కడ బల్ల అంచు తగిలితే చిటికెన వేలి దాకా కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది చూడండి, అదే అల్నార్ నరం. చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శ దాని ద్వారానే అందుతుంది. లెప్రసీలో తరచుగా దెబ్బతినే నరాల్లో అదొకటి. అది పాడైతే ఆ రెండు వేళ్ళూ మొద్దుబారతాయి. ఇంకా ముదిరితే చేతిలోని చిన్న కండరాలు చచ్చుబడి వేళ్ళు లోపలికి వంకరపోతాయి.

మరి వేళ్ళు పొట్టివైపోవడం ఎందుకు? దానికి జవాబు వెతికినవాళ్ళలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ ముఖ్యుడు. ఆయన 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టాడు. ఇంగ్లండ్‌లో డాక్టరీ చదివి తిరిగొచ్చి, వెల్లూరు సీఎంసీలో 1940ల చివర్లో లెప్రసీ చేతులకి ఆపరేషన్లు మొదలుపెట్టాడు. ఆయన చెప్పిన ఒక సంఘటన ఉంది. తుప్పు పట్టిన తాళం ఒకటి ఎంత తిప్పినా రాలేదు. లెప్రసీ ఉన్న ఒక పిల్లాడు వచ్చి తిప్పేశాడు. వీడికింత బలం ఎక్కడిదా అనుకుంటుంటే నేల మీద రక్తపు చుక్కలు కనబడ్డాయి. చూస్తే పిల్లాడి వేలు ఎముక దాకా తెగిపోయి ఉంది. వాడికి తెలియనే లేదు.

మనం తాళం తిప్పేటప్పుడు నొప్పి దగ్గర ఆగిపోతాం. ఆ పిల్లాడికి ఆగమని చెప్పేవాళ్ళు లేరు. అది బలం కాదు, బ్రేకు లేకపోవడం. వేడి గిన్నె, చేతిలో కాలిపోతున్న బీడీ, పార పిడి, నిద్రలో కొరికే ఎలుక, వీటిలో ఏదీ తెలియని చేతికి రోజుకో గాయం. గాయం నొప్పెట్టదు కాబట్టి కట్టు కట్టరు. అదే చేత్తో మళ్ళీ పని. పుండు పడుతుంది, చీము ఎముక దాకా పోతుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే వేలు అరిగి పొట్టిదవుతుంది. అంటే రోగం దొంగిలించేది వేలిని కాదు, కాపలాని.

గుర్రపు వెంట్రుక నుంచి నైలాన్ దాకా

సరే, స్పర్శ పోయిందో లేదో చూడాలి. ముట్టుకుని "తెలుస్తోందా?" అని అడిగితే సరిపోదా? సరిపోదు. నా ముట్టుకోడం, మీ ముట్టుకోడం ఒకటి కాదు. నేనే పొద్దున ముట్టుకున్నట్టు సాయంత్రం ముట్టుకోను. ఇన్‌పుట్ మారిపోతుంటే అవుట్‌పుట్‌ని ఎలా పోలుస్తాం?

ఈ చిక్కుని 1890లలో మాక్స్ ఫాన్ ఫ్రే అనే జర్మన్ శాస్త్రవేత్త వెంట్రుకలతో విప్పాడు. రకరకాల మందం ఉన్న వెంట్రుకలు, గుర్రానివి కూడా, పుల్లలకి అతికించి చర్మం మీద ఆనించేవాడు. 1960లో జోసెఫీన్ సెమ్స్, సిడ్నీ వైన్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు, మెదడుకి గాయాలైన మాజీ సైనికుల మీద చేసిన పరిశోధనలో వెంట్రుక బదులు నైలాన్ పోగులు వాడారు. ఆ తర్వాత కార్విల్ అనే అమెరికా లెప్రసీ ఆసుపత్రిలో జుడిత్ బెల్ క్రొటోస్కీ లాంటి థెరపిస్టులు ఈ పోగుల్ని ఏళ్ళ తరబడి పరీక్షించి, ఏది ఎంత నమ్మదగిందో తేల్చారు.

ఇందులో కిటుకు మన ఇంజినీరింగ్ సిలబస్‌లోదే. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో ఆయిలర్ బక్లింగ్ అని ఒక చాప్టర్ గుర్తుందా? సన్నటి కడ్డీని నిలువుగా నొక్కుతూ పోతే ఒక స్థాయి దాకా నిటారుగా ఉంటుంది. ఆ స్థాయి దాటగానే పక్కకి వంగిపోతుంది. వంగాక మీరు ఇంకాస్త నొక్కినా బలం దాదాపు పెరగదు, వంపు మాత్రం పెరుగుతుంది. నైలాన్ పోగూ అంతే. పది గ్రాముల పోగు చర్మం మీద వంగిందంటే అక్కడ పడింది సుమారు పది గ్రాములే. నొక్కింది పహిల్వాన్ అయినా, నిన్న చేరిన ట్రైనీ అయినా తేడా లేదు. మనిషి చేతిలో ఉండే తేడానంతా ఆ వంపు మింగేస్తుంది.

నమ్మకం కుదరక అక్క దగ్గర ఒక పాత పోగు అడిగి తెచ్చుకుని, మా ఇంట్లో కేకుల కోసం కొన్న డిజిటల్ తూకం మీద పెట్టి చూశా. మెల్లగా నొక్కితే 4, 7, 9. పోగు విల్లులా వంగగానే పదికి అటూఇటూ ఆగింది. ఇంకా నొక్కితే వంపు పెరిగింది తప్ప అంకె కదల్లేదు. నేను రాసే కోడ్‌లో ఇంత నిజాయితీ ఉన్న ఫంక్షన్ ఒక్కటీ లేదు.

పోగు మందం రెండింతలైతే దాన్ని వంచడానికి 16 రెట్ల బలం కావాలి. అందుకే చూపుకి ఒకేలా ఉన్న పోగుల మధ్య కూడా బోలెడు తేడా. పుల్లల మీద 4.31 లాంటి విచిత్రమైన అంకెలుంటాయి. అది గ్రాములు కాదు, లాగరిథం. బలాన్ని మిల్లీగ్రాములో పదో వంతుల్లో కొలిచి దాని లాగ్ వేస్తే వచ్చే అంకె. 4.31ని తిరగేస్తే దాదాపు 2 గ్రాములు. లెప్రసీ ఆసుపత్రుల్లో మామూలుగా వాడే బలాలు 0.2, 2, 4, 10, 300 గ్రాములు. పుల్లకో రంగు ఉంటుంది, చూడగానే గుర్తుపట్టడానికి.

ముందు నా చెయ్యి

అక్క ముందుగా నన్నే కూర్చోబెట్టింది. ఫ్యాన్ ఆపింది, గాలికి పోగు ఊగుతుందని. చెయ్యి వెల్లకిలా టవల్ మడత మీద పెట్టించింది. మొదట కళ్ళు తెరిచి ఉండగానే చూపించి, "ఇదీ సంగతి. తగిలినప్పుడు తగిలింది అను" అంది. తర్వాత కళ్ళు మూసుకోమంది.

బొటనవేలి కొస, చూపుడు వేలి కొస, చూపుడు వేలి మొదలు. ఇవి మీడియన్ నరానివి. చిటికెన వేలి కొస, దాని మొదలు, అరచేతిలో చిటికెన వేలివైపు అంచు. ఇవి అల్నార్‌వి. చేతి వెనకాల బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒకటి. అది రేడియల్‌ది. మొత్తం ఏడు చోట్లు. పోగుని నిలువుగా ఆనించి, వంగేదాకా నొక్కి, ఒకటిన్నర సెకను ఉంచి తీస్తుంది. జారనివ్వదు, ఎందుకంటే రాసుకుంటే అది వేరే రకం స్పర్శ. వరసలో కూడా వెళ్ళదు. ఒక్కోసారి అసలు ముట్టుకోదు, ఊరికే కూర్చుంటుంది. ఆ నిశ్శబ్దంలో నేను "తగిలింది" అంటే నా మాట నమ్మకూడదన్నమాట. మనం టెస్ట్ కేసుల్లో తప్పు ఇన్‌పుట్ వేసి చూస్తాం కదా, అదే.

0.2 గ్రాముల పోగు నాకు దోమ వాలినంత కూడా లేదు. అయినా ఏడు చోట్లా తెలిసింది. కీబోర్డు తప్ప మరేదీ పట్టని చేతులు మరి! పార పట్టే చేతులకి చర్మం మందంగా ఉంటుంది, అంత సన్నటిది తెలియకపోవచ్చు. అందుకే అక్కకి పుస్తకంలోని నార్మల్ కంటే ముఖ్యమైంది ఇంకోటుంది: అదే మనిషి, అదే వేలు, పోయిన నెల ఎంత?

"చేతికి 2 గ్రాములు గీత లాంటిది" అంది అక్క. "ఆ పోగు తెలియకపోతే చేతిని కాపాడే స్పర్శ పోయిందనే లెక్క. పాదానికైతే 10 గ్రాములు."

టీకొట్టు బాబాయ్

ఆ రోజు వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నారు. ఊరూ పేరూ రాయను. టీకొట్టు నడుపుతారు. నేను పక్కన కూర్చోవచ్చా అని అక్క అడిగితే, "కూకోనీయమ్మా, పిల్లోడేటి చేస్తాడు" అన్నారు.

ఆయనకి వీపు మీద మచ్చలతో రోగం బయటపడింది. ఎండీటీ మందులు వాడుతున్నారు, ఆరో నెల. మందు బాగానే పనిచేస్తోంది. మచ్చలు మాసిపోతున్నాయి. ఆయన లెక్కలో రోగం తగ్గిపోయినట్టే. "ఏటమ్మా, మళ్ళీ ఈ పుల్లలేనా" అన్నారు నవ్వుతూ.

"అయిదు నిమిషాలే బాబాయ్. కళ్ళు మూసుకో."

బొటనవేలు. "తగిలింది." చూపుడు వేలు. "తగిలింది." చిటికెన వేలు. నిశ్శబ్దం. అక్క ఇంకో చోటికెళ్ళి మళ్ళీ వచ్చింది. చిటికెన వేలు. నిశ్శబ్దం. పుల్ల మార్చింది, 2 గ్రాములు. పోగు విల్లులా వంగింది. నేను చూస్తున్నా. ఆయన ముఖంలో ఏమీ లేదు, తర్వాతి దాని కోసం ఎదురుచూస్తున్నట్టు ఉన్నారు.

"తగిలిందా బాబాయ్?"

"నువ్వు పెడితే కదమ్మా తగిలేది!"

4 గ్రాములకి తెలిసింది. అరచేతి అంచు దగ్గర కూడా అంతే.

అక్క ఏమీ అనలేదు. ఫైల్లో చెయ్యి బొమ్మ గీసిన కాగితాలు నెలకొకటి ఉన్నాయి. పోయిన నెల కాగితం పక్కన పెట్టింది. చిటికెన వేలి దగ్గర పోయిన నెల 0.2 రంగు. ఈ నెల 4 రంగు. అంతకుముందు నెలలన్నీ 0.2. మనం గిట్‌లో రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టి ఎర్ర గీతలు చూస్తాం కదా, అలా ఉంది. తర్వాత కండరాల బలం చూసింది. చిటికెన వేలిని పక్కకి చాపమని వేలితో అడ్డుపెట్టింది, బొటనవేలు పైకెత్తమంది, మణికట్టు వెనక్కి వంచమంది. చిటికెన వేలు కాస్త ఓడిపోయింది.

"చేతిలో ఏమైనా తేడాగా ఉందా బాబాయ్? నొప్పి? తిమ్మిరి?"

"ఏటీ నేదు. పైగా ఇప్పుడు మరగబెట్టిన గ్లాసులు ఇట్టే పట్టుకుంతన్నాను. బాబాయ్ చెయ్యి ఇనుమని కుర్రోళ్ళంతా అంతన్నారు."

గదిలో ఆయన ఒక్కరే నవ్వారు.

దీన్ని సైలెంట్ న్యూరైటిస్ అంటారు. మందులు క్రిమిని చంపేస్తున్నా, చచ్చిన క్రిమి ముక్కల మీద కూడా మన ఒంటి రక్షణ వ్యవస్థ యుద్ధం ఆపదు. ఆ యుద్ధంలో నరం వాస్తుంది, నలుగుతుంది. చాలామందికి మోచెయ్యి దగ్గర నొప్పిగా తెలుస్తుంది. కొందరికి నొప్పే ఉండదు. నరం ఏ చప్పుడూ లేకుండా చచ్చిపోతుంది. మందులు వాడే కాలంలోనే కాదు, ఆపేశాక కూడా ఇలా జరగొచ్చు. క్రాష్ రిపోర్ట్ రాదు, ఎర్రర్ మెసేజ్ రాదు. అది బయటపడే దారి ఒక్కటే: ఎవరో ఒకరు కూర్చుని, ఫ్యాన్ ఆపి, పుల్లతో వెతకడం.

దొరికితే మందుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ని డాక్టర్ పర్యవేక్షణలో వారాల తరబడి, డోసు తగ్గిస్తూ ఇస్తారు. దెబ్బ తగిలి ఆరు నెలలు దాటకపోతే స్పర్శ, బలం చాలావరకు తిరిగొచ్చే ఆశ ఉంటుంది. దాటితే ఆ ఆశ సన్నగిల్లిపోతుంది. బాబాయ్‌ది నెల లోపు.

డాక్టర్ దగ్గరికి పంపే ముందు అక్క విషయం చెప్పింది. ఆయన నవ్వు ఆగిపోయింది. కాసేపు తన చేతినే చూసుకున్నారు. "మచ్చలంటే చొక్కా కింద దాసుకున్నాను. సెయ్యి వంకరపోతే ఎక్కడ దాసేదమ్మా? కొట్టుకి ఎవులొస్తారు?"

ఎవరికీ అంటే ఆసుపత్రికి బయట ఎవరికీ ఆయన చెప్పలేదట. కొడుక్కి కూడా. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఈ రోగం ఇంకొకరికి అంటించే శక్తి పోతుంది. ఆయన టీ తాగితే ఎవరికీ ఏమీ కాదు. ఆ మాట అక్క చెప్పింది. ఆయనకీ తెలుసు. ఊరికి తెలియాలి కదా, అదీ ఆయన బాధ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లెప్రసీ వైకల్యానికి గ్రేడ్లున్నాయి. ఏమీ లేకపోతే సున్నా. స్పర్శ పోయి, పైకి ఏమీ కనబడకపోతే ఒకటి. వేళ్ళు వంకరపోవడం, పుండ్లు పడటం లాంటివి కంటికి కనబడితే రెండు. రెండో గ్రేడ్ని చూసిన ఎవరైనా గుర్తుపడతారు, వీధిలో పిల్లలు కూడా. ఒకటో గ్రేడు పరీక్ష చేస్తేనే ఉంటుంది. పరీక్ష చేయకపోతే కాగితం మీద అది సున్నాయే. బాబాయ్ ఆ రోజు సున్నా నుంచి ఒకటికి వచ్చారు. అక్క పనంతా ఆయన రెండుకి వెళ్ళకుండా చూడటం.

పుల్ల లేకపోతే పెన్ను

ఈ పుల్లలు ప్రతి ఊళ్ళో ఉండవు. మన దేశంలో పీహెచ్‌సీ స్థాయిలో ఎక్కువగా వాడేది మామూలు బాల్‌పెన్. పెన్ను కొసతో చర్మం కాస్త నొక్కుకునేంత మెల్లగా ఆనించి తీస్తారు. కళ్ళు మూసుకున్న మనిషి ఎక్కడ తగిలిందో వేలితో చూపించాలి. దీనికి గ్రాముల లెక్క లేదు, నొక్కేవాళ్ళ చేతిని బట్టి మారుతుంది. అయినా కాపాడే స్పర్శ పోయిందా లేదా అన్న పెద్ద ప్రశ్నకి జవాబిస్తుంది. పుల్లలు మాత్రం అంతకంటే ముందే, జారడం మొదలైనప్పుడే పట్టుకుంటాయి.

పుల్లలకీ బలహీనతలున్నాయి. నైలాన్ తేమ పీల్చుకుంటుంది. వానాకాలంలో మెత్తబడి తక్కువ బలానికే వంగిపోతుంది. వరసగా వాడితే అలసిపోతుంది, కాస్త విరామం ఇవ్వాలి. వంకరగా మిగిలిపోయిన పోగుని పారెయ్యాలి.

"ఇంత కష్టం ఎందుకు, సెన్సార్లున్న గ్లవ్స్ చేసి బీప్ మనిపిస్తే పోలా?" అని నాకు వెంటనే వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. ఆ ఆలోచన ముందే ఒకరికి వచ్చింది, ఇందాకటి పాల్ బ్రాండ్‌కే. ఆయన 1966లో కార్విల్ వెళ్ళాక, ఇంజినీర్లతో కలిసి కృత్రిమ నొప్పి తయారుచేయాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించాడు. వేళ్ళకి ప్రెషర్ సెన్సార్లు, చెవిలో బీప్. రోగులు బీప్‌ని పట్టించుకోలేదు. లైట్లు పెట్టారు, అదీ అంతే. చివరికి స్పర్శ బాగా ఉన్న చోట చిన్న కరెంటు షాక్ పెట్టారు. అప్పుడేం చేశారంటే, ప్రమాదకరమైన పని చేసేముందు స్విచ్ ఆపేసి, పనయ్యాక మళ్ళీ వేసుకునేవారు. ప్రాజెక్టు మూతపడింది.

మనం రోజూ చేసేది ఇదే కదా. నోటిఫికేషన్ ఎక్కువైతే మ్యూట్. నిజమైన నొప్పికున్న గొప్పతనం, దానికి మ్యూట్ బటన్ లేకపోవడం. నొప్పి మనల్ని అడగదు, ఆపుతుంది. దాన్ని మనం తయారుచేయలేం కాబట్టి, ఉన్నదాన్ని పోనివ్వకుండా చూసుకోవడం ఒక్కటే తెలివైన ఇంజినీరింగ్.

ఇప్పటికే పోయినవాళ్ళకి నొప్పి చేసే పని కళ్ళు చేయాలి. అక్క అక్కడ నేర్పేది అదే. రోజూ రాత్రి రెండు చేతులూ, పాదాలూ వెతికి చూసుకోవాలి: ఎక్కడైనా ఎరుపు, బొబ్బ, చీలిక ఉందా అని. నరం దెబ్బతింటే చెమట కూడా ఆగిపోతుంది, చర్మం ఎండి పగులుతుంది. అందుకని చేతుల్ని చల్లటి నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, తుడవకుండానే నూనె రాసుకోవాలి. పెనం, గిన్నె గుడ్డతో పట్టుకోవాలి. పనిముట్ల పిడికి గుడ్డో రబ్బరో చుట్టాలి. నీళ్ళ వేడి మోచేత్తో చూసుకోవాలి. బాబాయ్‌కి గ్లాసులు పెట్టుకునే తీగ స్టాండు వాడమని చెప్పింది. టీకొట్లలో అది ఎలాగూ ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

మన ఫోన్ ప్రపంచానికీ ఇందులో వాటా ఉంది. అరిగిపోయిన, పుండ్లు పడి మానిన వేళ్ళకి గీతలుండవు. వేలిముద్ర మెషీన్ ఒప్పుకోదు. ఆధార్ వేలిముద్ర కుదరక లెప్రసీ బాధితులకి పింఛను ఆగిపోయిన సంఘటనలు మన దేశంలో వార్తలకెక్కాయి. కనుపాపతోనో, మరో దారిలోనో గుర్తింపు ఇవ్వొచ్చని నిబంధనలున్నాయి. కానీ కౌంటర్ దగ్గరున్న స్క్రీన్ మీద ఆ ఆప్షన్ ఎక్కడుందో వెతికి నొక్కే మనిషి కావాలి. ఆ స్క్రీన్లు డిజైన్ చేసేది మనలాంటివాళ్ళమే. పది వేళ్ళూ, పది ముద్రలూ అందరికీ ఉంటాయనుకుని కోడ్ రాస్తే, ఆ కోడ్ దృష్టిలో కొందరు మనుషులే కారు.

ఇదంతా పాత కథ కాదు

లెప్రసీ పోయింది కదా అనుకునేవాళ్ళకి ఒక లెక్క. 2005 చివర్లో మన దేశంలో రోగుల సంఖ్య పదివేల మందికి ఒకరి కంటే తగ్గింది. దాన్నే ప్రజారోగ్య సమస్యగా నిర్మూలన అన్నారు. ఆ మాటని చాలామంది "ఇక లేదు" అని అర్థం చేసుకున్నారు. 2023లో ప్రపంచంలో కొత్తగా బయటపడిన కేసులు 1,82,815. అందులో సగానికి పైగా మన దేశంలోనే, అంటే లక్ష దాటి. వాళ్ళలో పిల్లలూ ఉన్నారు.

మన దగ్గర ఈ రోగంతో పోరాటం కూడా పాతదే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాటిష్ డాక్టర్ 1915లోనే ఆసుపత్రి మొదలుపెట్టారు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో 1958లో రాణి కుముదినీ దేవి శివానంద పునరావాస కేంద్రం పెట్టారు. ఆ రోడ్డు మీద నేను క్యాబ్‌లో ఎన్ని వందలసార్లు వెళ్ళానో! చట్టం మాత్రం ఆలస్యంగా కదిలింది. జీవిత భాగస్వామికి లెప్రసీ ఉందని విడాకులు అడగొచ్చన్న నిబంధనని 2019లో గానీ తీసేయలేదు. గాంధీ వర్ధంతి జనవరి 30న ఏటా లెప్రసీ మీద ప్రచారం జరుగుతుంది. 2017లో మొదలైన ఆ కార్యక్రమానికి పెట్టిన పేరు స్పర్శ్. పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి. ముట్టుకోకూడదని తరిమేసిన రోగానికి, ముట్టుకునే పరీక్షే రక్ష.

ఇక మీ పని. ఒంటి మీద చుట్టూ చర్మం కంటే పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ ఉండి, అక్కడ దూది రాస్తే తెలియకపోతే పీహెచ్‌సీకి వెళ్ళండి. స్పర్శ ఉన్న మచ్చలు కూడా ఒక్కోసారి లెప్రసీ కావచ్చు, కాబట్టి ఎన్నాళ్ళకీ పోని మచ్చని డాక్టర్‌కి చూపించండి. చిటికెన వేలు, పాదం మొద్దుబారినట్టున్నా అంతే. ఆశా వర్కర్ ఇంటికొచ్చి మచ్చలున్నాయా అని అడిగితే తలుపేసుకోకండి. మందు ఉచితం. మచ్చలు తక్కువుంటే ఆరు నెలలు, ఎక్కువుంటే ఏడాది. నయమవుతుంది. ఇంకోటి, ఇంట్లో షుగర్ ఉన్న అమ్మకో నాన్నకో పాదాల స్పర్శ చివరిసారి ఎప్పుడు చూశారో అడగండి. అక్కడ వాడేదీ ఈ పది గ్రాముల పోగే.

బాబాయ్ సంగతి పోయిన వారం ఫోన్‌లో అక్కని అడిగా. స్టెరాయిడ్ కోర్సు నడుస్తోందట. చిటికెన వేలికి 2 గ్రాములు తెలుస్తోంది. అరచేతి అంచు ఇంకా 4 దగ్గరే ఉంది, అది తిరిగొస్తుందో రాదో అప్పుడే చెప్పలేమంది. కొడుక్కి చెప్పారట. ఇప్పుడు ఆసుపత్రికి కొడుకే బండి మీద తీసుకొస్తున్నాడు. రాత్రిపూట తండ్రి చేతులు టార్చి వేసి చూసేది కూడా వాడేనట, ఫోన్‌లో టార్చి.